మూడు పదోవంతులు

రోజు 1. ఉదయం అయిదింటికి మైదానం వేడి 37. పరుగు శాఖ పిల్లలు 42 మంది, తూకానికి వచ్చినవారు 42.

ఇది నేను కొలతలు రాసే అరవై ఒకటో పుస్తకం. అరవయ్యోది నిన్న సాయంత్రం చివరి పుట వరకు నిండింది, ఖాళీ వదలలేదు. ఈ వ్యాయామ కళాశాలలో ముప్ఫై అయిదేళ్లు పాఠం చెప్పాను. ఊళ్లో ఇప్పటికీ నన్ను డ్రిల్లు మేడం అనే అంటారు. ఉద్యోగ విరమణ అయ్యాక తూకం గదిలో కూర్చోబెట్టారు. పని సులువు, తప్పు చేయడం ఇంకా సులువు. పరుగుకు ముందు ఒక్కొక్కరినీ కాటా మీద నిలబెట్టాలి. పరుగయ్యాక ఒళ్లు తుడిపించి మళ్లీ నిలబెట్టాలి. తేడా ఎన్ని గ్రాములో అన్ని గ్రాముల నీళ్లు కొలిచి తిరిగి ఇవ్వాలి. తుడిచిన తువ్వాళ్లు నాగరత్నకు వెళ్తాయి. ఆమె వాటిని యంత్రంలో పిండితే వచ్చిన చెమట శుద్ధి తొట్టిలోకి పోతుంది. ఈ రోజు తిరిగి ఇచ్చిన నీళ్లు 17 లీటర్లు. తొట్టికి చేరిన చెమట 9 లీటర్ల 400. మిగిలింది గాలి తాగింది.

చెమటగా పోయే నీళ్లను తిరిగి పొందే అనుమతి, అంటే చెమట చీటీ, ఉన్న మనిషే పరుగెత్తాలి. నా వయసువాళ్లకు ఇంకా పాత అలవాటు పోలేదు. బస్సు కదులుతుంటే రెండు అడుగులు వేగంగా వేసి, వెంటనే చుట్టూ చూసుకుంటారు, కాపలావాడు గమనించాడేమోనని.

మనవరాలు లేపాక్షి ఈ ఏడే పరుగు శాఖలో చేరింది. ఈ రోజు వరుస తప్పి ముందుకు వచ్చింది. వెనక్కి పంపాను.

"ఇంట్లో అన్నం నువ్వే పెడతావు, జడ నువ్వే వేస్తావు. ఈడికొస్తే నేనెవరో తెలీదు నీకు," అంది.

"ఇక్కడ నువ్వు పదిహేడో నంబరు."

తువ్వాళ్ల గుట్ట వెనక నుంచి నాగరత్న నవ్వింది. "ఇంట్లో కూడా ఒక కాటా పెట్టుకోండి మేడం. దోసె తినకముందు ఒకసారి, తిన్నాక ఒకసారి."

లేపాక్షి తూకం పరుగుకు ముందు 51 కిలోల 200, తర్వాత 50 కిలోల 790. ఇచ్చిన నీళ్లు 410 గ్రాములు.

రోజు 3. వేడి 38. తూకం 42.

లేపాక్షి రెండో ప్రయత్నం. ముగింపు గీత దగ్గరి కాంతి ద్వారం యంత్రం చూపిన కాలం 12.31 సెకన్లు. మొదటి ప్రయత్నంలో 12.36.

ఆడపిల్లల వంద మీటర్లకు హద్దు 12.1. మొదటి ఏడాది మూడు ప్రయత్నాలు ఇస్తారు. ఒక్కసారి హద్దు అందుకుంటే మూడేళ్ల చీటీ వస్తుంది. మూడుసార్లూ తప్పితే నిర్వహణ శాఖకు పంపుతారు. అక్కడ పోటీలు జరిపించడం, దస్త్రాలు భద్రపరచడం నేర్పుతారు. మంచి చదువే. కానీ అక్కడికి పోయినవాళ్లకు చెమట చీటీ మళ్లీ రాదు. పందొమ్మిదేళ్ల పిల్ల మిగిలిన బతుకంతా నడవాలి.

లేపాక్షిని రికార్డుల పలక ముందు నిలబెట్టి మాట్లాడాను. అందులో వంద మీటర్ల వరుసలో పెన్నమ్మ, 12.0, ముప్ఫై మూడో ఏడు అని ఉంటుంది. ఏళ్ల లెక్క మా కళాశాల పుట్టినప్పటి నుంచి. ఇప్పుడు నడుస్తున్నది యాభై ఎనిమిది. పెన్నమ్మ నా కూతురు, లేపాక్షి తల్లి. బిడ్డకు అయిదేళ్లప్పుడు వడగాలుల వేసవిలో పోయింది.

"అయిదో అడుగుకే తల ఎత్తేశావు. మీ అమ్మ పదో అడుగు దాకా నేల చూసేది," అన్నాను.

"మా అమ్మ, మా అమ్మ! మీ కాలంలో పరుగెత్తింది మనుషులా, జింకలా జేజీ?"

"మనుషులే. బూట్లు లేని మనుషులు. కింద మట్టి. నీకు బూట్లున్నాయి, రబ్బరు నేల ఉంది."

"సరే, అమ్మ కాళ్లు నాకు రాలేదు. నీ నోరొచ్చింది, చాల్లే."

నవ్వించాలని చూసింది. నేను నవ్వలేదు. మూడో ప్రయత్నం పదమూడో రోజున, వ్యవస్థాపక దినం నాడు. ఈ రోజు నుంచి ఇంట్లో ఆమె పక్క మీద రెండో దిండు తీసేశాను. మెడ నిటారుగా ఉండాలి.

రోజు 5. వేడి 38.

శిక్షణ శాఖ పిల్లలకు వారానికి ఒక గంట స్టాప్‌వాచ్ పాఠం చెప్తాను. ఇప్పుడు చేతితో కాలం కొలిచే అవసరం ఎవరికీ లేదు. పాత విద్య కాబట్టి పాఠ్యప్రణాళికలో ఉంచారు.

పాఠం ఎప్పుడూ ఒకే ప్రయోగంతో మొదలుపెడతాను. పరుగు మొదలయ్యే చోట ఒకరు క్లాపర్ పట్టుకుని నిలబడతారు. అది ఒక అంచున బిజాగరీతో కలిపి, తెరిచి మూసే రెండు చెక్క పలకలు. తల మీదకు ఎత్తి టపీమని మూస్తారు. బయట తెలుపు, లోపల ఎరుపు. మూసుకోగానే ఎరుపు మాయమవుతుంది. ముగింపు గీత దగ్గర నిలబడ్డవాళ్లు ఎరుపు మాయమైనప్పుడు వాచ్ నొక్కాలి. చప్పుడు విని నొక్కకూడదు. చప్పుడు వంద మీటర్లు నడిచి రావాలి, ఆలస్యమవుతుంది.

పన్నెండు మందిలో ఆరుగురికి కళ్లకు గుడ్డ కట్టాను, చప్పుడుకు నొక్కగానే గుడ్డ లాగేసి గీత వైపు చూడమన్నాను. నాలుగో నంబరు పిల్లను పరుగెత్తించాను. చూసి నొక్కినవాళ్ల వాచీలు 12.6, 12.6, 12.7 చూపాయి. విని నొక్కినవాళ్లవి 12.3, 12.3, 12.4.

"మూడు పదోవంతులు," అన్నాను. "ఆ మూడు పదోవంతులు ఆ పిల్ల పరుగెత్తింది కాదు. మీ చెవి ఆమెకు దానం చేసింది. దానం చేసే హక్కు సమయపాలకులకు లేదు."

షేకున్‌బీ అనే పిల్ల చెయ్యెత్తింది. తెలివైనది. "మేడం, మీరెప్పుడన్నా చప్పుడు విని నొక్కినారా?"

"కూర్చో," అన్నాను.

పాఠం రెండు నిమిషాలు ముందుగా ముగించాను.

రోజు 6. వేడి 38. తూకం 42. తిరిగి ఇచ్చిన నీళ్లు 17 లీటర్ల 150.

ప్రిన్సిపాల్ మస్తాన్‌వలి పిలిపించాడు. నా దగ్గర చదువుకున్నవాడే. ఇప్పటికీ నేను గదిలోకి వెళ్తే లేచి నిలబడతాడు. మర్యాదకు అర గ్లాసు నీళ్లు పెట్టించాడు. 90 గ్రాములు. తాగాను.

"హద్దు యాడినుంచి వచ్చిందో మీరెప్పుడూ అడగలేదు మేడం," అన్నాడు.

"చీటీలిచ్చే రాష్ట్ర మండలి వాళ్లు నిర్ణయిస్తారు కదా."

"మండలి వాళ్లకు అంకెలు యాడివి? మన దగ్గర తీసుకున్నారు. మీ పుస్తకాల్లోంచి. ముప్ఫై ఒకటి నుంచి ముప్ఫై ఆరు దాకా ఆరేండ్లు, మన కళాశాల బంగారు కాలం! ఆ ఆరేండ్లలో మొదటి ముగ్గురి సగటు కట్టినారు. అదే హద్దు. రాష్ట్రమంతా నడిచేది మీ చేతి రాత మీద." ఇంకా లేచే ఉన్నాడు. "వ్యవస్థాపక దినం నాడు దానికి కంబగిరమ్మ హద్దు అని పేరు పెడతాండాము. మీకు ముందే చెప్పకూడదనుకున్యా, ఆగలేకపోయినా."

కంబగిరమ్మ నా పేరు.

నేను సంతోషంతో మాట రాక కూర్చున్నానని అనుకున్నాడు. బయట మెట్ల దాకా వచ్చి దిగబెట్టాడు.

ఈ పుటలో రాయాల్సింది ఇంకా ఉంది.

రోజు 7. వేడి 39. తూకం 41, ఒకరికి జ్వరం. తిరిగి ఇచ్చిన నీళ్లు 16 లీటర్ల 800. తొట్టికి చేరింది 9 లీటర్ల 100. వేరే విశేషం లేదు.

రోజు 8. నిన్నటి చివరి వాక్యం అబద్ధం.

ముప్ఫయ్యో ఏడు ఆఖరున నా రెండు కళ్లలోనూ పొర మొదలైంది. ఎండలో నిలబడే పని చేసేవాళ్లకు నలభై ఏళ్లకే వస్తుంది. వంద మీటర్ల అవతల క్లాపర్ మొదట మసకబారింది. ఆ తర్వాత ఎరుపూ లేదు, తెలుపూ లేదు. చూపు తగ్గిన సమయపాలకులను ఆ రోజే తప్పించాలి. ఆ నియమం రాసింది నేను. దాని కింద ఇద్దరిని తప్పించాను కూడా. ఒకాయన ఏడ్చాడు. నేను జాలిపడలేదు.

నా వంతు వచ్చినప్పుడు చప్పుడు విని నొక్కడం మొదలుపెట్టాను.

ఆ మూడు పదోవంతుల సంగతి నాకు తెలియక కాదు. అందరికీ ఒకే తేడా పడుతోంది, మొదటివాళ్లు మొదటే, చివరివాళ్లు చివరే, ఎవరికీ అన్యాయం జరగడం లేదు అని నాకు నేను చెప్పుకున్నాను. అప్పట్లో చీటీలు లేవు, హద్దులు లేవు. పరుగంటే ఎవరు ముందు అనేదే లెక్క. అంకెలు పుస్తకంలో పడుకుని ఉండేవి. ఒక రోజు ఎవరో వచ్చి వాటితో గోడ కడతారని నేను అనుకోలేదు.

ముప్ఫై ఆరో ఏడు వేసవి సెలవుల్లో పొరుగు జిల్లాకు పోయి పొర తీయించుకున్నాను. ఇంట్లో తలనొప్పికి వైద్యం అని చెప్పాను. ముప్ఫై ఏడులో మళ్లీ చూసి నొక్కాను. కళాశాల కాలాలు ఒక్కసారిగా నెమ్మదించాయి. ఆ ఏడు వార్షిక సభలో, ఈ తరం పిల్లల్లో పట్టుదల తగ్గిందని నలభై నిమిషాలు ప్రసంగించాను.

అరవై పుస్తకాల్లో ఇది ఎక్కడా లేదు.

హద్దు వచ్చింది నలభై ఏడో ఏడు. అప్పటి నుంచి పదకొండేళ్ల ఫలితాల జాబితాలు తీసి చూశాను. 12.1కీ 12.4కీ మధ్య ఆగి, నిర్వహణ శాఖకు పోయిన ఆడపిల్లలు 63 మంది. మా కళాశాల ఒక్కదానిలోనే. మగపిల్లల జాబితా ఇంకా చూడలేదు. అరవై ముగ్గురి పేర్లూ ఈ పుస్తకం వెనక పుటల్లో రాశాను. ఇరవై తొమ్మిదో పేరు తువ్వాళ్ల నాగరత్నది. నలభై తొమ్మిదో ఏడు, 12.24.

రోజు 9. వేడి 39. తూకం 42.

తువ్వాళ్లు అప్పగించేటప్పుడు నాగరత్న లెక్క పెడుతోంది. నేను పోకుండా నిలబడ్డాను.

"ఏం మేడం, ఒకటి తక్కువొచ్చిందా?"

"లేదు. నువ్వు నిర్వహణ శాఖ పూర్తి చేశావు కదా. కార్యాలయంలో ఉద్యోగం చూసుకోలేదా?"

"ఇచ్చినారు. ఆర్నెల్లు చేసి ఈడికి మార్పించుకున్యా. పిండే పని ఎవరికీ వద్దు, అడగ్గానే ఇచ్చినారు." ఒక తువ్వాలు ఎత్తి పట్టుకుంది. "ఎవరికీ చెప్పొద్దు మేడం, అప్పుడప్పుడు ముక్కు దగ్గర పెట్టుకుంటా. ఎండకు నిలబడి పట్టే చెమట వాసన వేరు. పరుగెత్తితే పట్టే చెమట వాసన వేరు. పరుగెత్తినోళ్లకే తెలుస్తాది."

ఆమెకు చెప్పాలని వెళ్లాను. సంఖ్య సరిపోయిందని సంతకం పెట్టి వచ్చేశాను.

రోజు 10. మస్తాన్‌వలికి చెప్పాను. ఏదీ దాచలేదు. పొర, చప్పుడు, ఆరేళ్లు, అరవై మూడు.

చాలాసేపు బల్ల మీద అద్దాన్ని తుడుస్తూ ఉన్నాడు. దాని మీద మురికి లేదు.

"రుజువేముండాది మేడం?"

"నేను చెప్తున్నాను కదా."

"మీరు చెప్తాండారు. పుస్తకం వేరే చెప్తాండాది." గొంతు పెంచలేదు. "రెండో ఏడాదిలో నేనొక ఫలితం ఆ రోజు రాయడం మరిచిపోయి మరుసటి రోజు గుర్తు తెచ్చుకుని రాస్తే, మీరు కొట్టేసినారు. గుర్తుందా? 'పుస్తకంలో లేనిది జరగలేదు' అన్నారు. తరగతి అందరి ముందరా నాతో పదిసార్లు చెప్పించినారు."

"గుర్తుంది."

"మండలి కూడా అదే అంటాది. ఇరవై రెండేండ్ల తర్వాత, సొంత మనవరాలు హద్దు దగ్గర ఆగిపోయినప్పుడు, జేజికి కండ్లు కనపడలేదని గుర్తొచ్చిందంట అంటారు. నవ్వుతారు మేడం. మీ గురించి నవ్వితే నేను వినలేను."

ఆ మాట నిజమే. నేను ఆ మండలిలో ఉన్నా అలాగే నవ్వేదాన్ని.

మెట్ల దగ్గర ఆగి, గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పాడు. వ్యవస్థాపక దినం నాడు పెద్దల గౌరవార్థం ఒక పరుగును చేతి వాచ్‌తో కొలవడం ఆనవాయితీ. ధ్రువపత్రం ఉన్న సమయపాలకురాలు కొలిస్తే ఆ కాలం చెల్లుతుందని నియమావళిలో ఉంది. "లేపాక్షి పరుగే అట్ల పెడదాం. కొలిచేది మీరే. ఆ ఆరేండ్లు ఎట్ల నొక్కినారో అట్లే నొక్కండి. హద్దు ఏ కొలతతో పుట్టిందో పాపకూ అదే కొలత. దీంట్లో అన్యాయం ఏముండాది?"

దారంతా ఆలోచించాను. ఒక్క పిల్లకే అయితే నిజంగానే అన్యాయం లేదు. అరవై ముగ్గురు పిల్లలు నా వెనక నడిచి వస్తున్నట్టు ఉంది. వాళ్లకు పరుగెత్తడానికి చీటీ లేదు.

రోజు 11. వేడి 39.

పొద్దున జడ వేస్తూ లేపాక్షికి చెప్పాను. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక జడ వేసేటప్పుడు చెప్పానని కూడా రాయాలి.

తల కదపలేదు. మొత్తం విని, "ఆరేండ్లు నీకు కనపడలేదా?" అంది.

"క్లాపర్ కనపడలేదు."

"అమ్మ పరుగెత్తిన రోజు?"

"ఆ రోజూ కనపడలేదు. పెన్నమ్మ గీత దాటడం మాత్రం చూశాను. అది దగ్గరే కదా."

ఆమె ఏం లెక్క వేసుకుందో నాకు తెలియలేదు. జడ ముడి వేశాను.

"ఎల్లుండి చప్పుడు విని నొక్కితే నాకెంత వస్తాది?"

"ఇప్పుడున్న ఊపులో పరుగెత్తితే పన్నెండు."

"అదే నొక్కు." నా వైపు తిరిగింది. "ఎవరికీ చెప్పకుండా ఆరేండ్లు నీ కోసం నొక్కినావు. ఒక్కసారి నా కోసం నొక్కు జేజీ. తర్వాత మండలికి చెప్పుకో, పేపర్లో వేయించుకో, నేనేమీ అనను."

నేను సరే అనలేదు. కాదని కూడా అనలేదు. అనలేదు కాబట్టి ఆమె సరే అనుకుంది. రెండు దోసెలు తిని, బ్యాగు తగిలించుకుని, వాకిట్లో బూట్లు వేసుకుంటూ ఏదో పాట కూనిరాగం తీసింది. చాలా రోజుల తర్వాత.

రోజు 13. వ్యవస్థాపక దినం. ఉదయం 5.40. వేడి 36. గాలి లేదు.

సామాన్ల గదిలోంచి రెండు స్టాప్‌వాచీలు తీసుకున్నాను. రెండింటినీ కలిపి మొదలుపెట్టి, పది నిమిషాలు నడిపి, కలిపి ఆపాను. తేడా లేదు. రెండెందుకు మేడం అని మస్తాన్‌వలి అడిగాడు. ఒకటి ఆగిపోతే అన్నాను. అది కూడా అబద్ధమే. ఇక్కడ రాస్తున్నాను.

ముగింపు గీత పక్కన మెట్ల బల్ల మీద నిలబడ్డాను. అవతల షేకున్‌బీ క్లాపర్ ఎత్తింది. ఎరుపు స్పష్టంగా కనిపించింది. దాని కింద లేపాక్షి నేలకు వంగి ఉంది. తల నేల వైపే ఉంది.

ఎరుపు మాయమైంది. కుడి బొటనవేలు నొక్కాను.

చప్పుడు వచ్చింది. ఎడమ బొటనవేలు నొక్కాను.

పది అడుగుల దాకా తల ఎత్తలేదు. పదకొండో అడుగుకు ఎత్తింది. అంత చక్కని పరుగు నేను ఈ మైదానంలో చూసి చాలా ఏళ్లయింది. కొలిచే మనిషి అలాంటి మాట రాయకూడదు. రాశాను.

ఆమె ఛాతీ గీత తాకగానే రెండు వేళ్లూ కలిపి నొక్కాను.

కుడి చేయి 12.3. ఎడమ చేయి 12.0.

వేదిక మీద ఉన్నవాళ్లంతా నా వైపు చూస్తున్నారు. లేపాక్షి నడుము మీద చేతులు పెట్టుకుని, ఊపిరి అందక, నవ్వుతూ చూస్తోంది. అధికారిక ఫలితాల పుస్తకం నా ముందుకు తెచ్చారు. అందరూ చూస్తుండగా ఇలా రాశాను:

"లేపాక్షి. వంద మీటర్లు. క్లాపర్ చూసి నొక్కిన వాచ్: 12.3. అదే పరుగు, చప్పుడు విని నొక్కిన వాచ్: 12.0. ముప్ఫై ఒకటో ఏడు నుంచి ముప్ఫై ఆరో ఏడు వరకు ఈ కళాశాలలో నేను కొలిచిన ప్రతి వంద మీటర్ల పరుగూ రెండో పద్ధతిలో కొలిచాను. కారణం నా కంటి పొర. అది దాచాను. హద్దు ఆ అంకెలతో కట్టింది. చెల్లవలసిన కాలం 12.3. కంబగిరమ్మ, సమయపాలకురాలు."

మస్తాన్‌వలి చదివాడు. పుస్తకం మూయబోయి మూయలేకపోయాడు. పుస్తకంలో ఉన్నది జరిగినట్టే.

లేపాక్షి నా దగ్గరకు రాలేదు. తూకానికి కూడా రాలేదు. ఆమెకు ఇవ్వవలసిన నీళ్లు ఎన్ని గ్రాములో తెలియలేదు. ఆ గడి ఖాళీగా ఉంది.

రోజు 14. వేడి 38. తూకం 41.

నాగరత్నకు విషయం తెలిసింది. నేను తువ్వాళ్ల గదికి వెళ్లేసరికి యంత్రం ఆపి కూర్చుని ఉంది.

"మీ జాబితాలో నా పేరు కూడా ఉండాదంట కదా మేడం."

"ఇరవై తొమ్మిదోది."

"పన్నెండు పాయింటు ఇరవై నాలుగు," అంది. తొమ్మిదేళ్లలో ఒక్క అంకె మరిచిపోలేదు. "ఆ రోజు ఇంటికి పోయి మా నాయనతో చెప్పినా, నేను చాలలేదు నాయనా అని. ఆయన అట్లే నమ్మి పోయినాడు."

క్షమించమని అడిగాను. ఈ మాట ఇంతకు ముందు ఎవరినైనా అడిగానా అని ఆలోచించాను. లేదు.

"అడిగినారు, విన్యాను. దాన్ని ఏం చేసుకోమంటారు మేడం? పిండితే నీళ్లు రావు." లేచి యంత్రం నడిపింది. "తువ్వాళ్లు నలభై ఒకటి. సంతకం పెట్టండి."

రోజు 27. మండలి ఉత్తరం వచ్చింది. సారాంశం.

ఒకటి: వంద మీటర్ల హద్దు వచ్చే ఏడు నుంచి 12.4. మగపిల్లలకు కూడా తగినట్టు మారుతుంది. రెండు: గత ఫలితాలు తిరగదోడరు. ఆ ఏళ్ల నీళ్లు ఆ ఏళ్లలోనే ఖర్చయిపోయాయి. మూడు: లేపాక్షి మూడో ప్రయత్నం చెల్లుతుంది. ఆ రోజు అమల్లో ఉన్న హద్దు 12.1, ఆమె కాలం 12.3. కనుక నిర్వహణ శాఖ. నాలుగు: హద్దుకు పేరు పెట్టే ప్రతిపాదన రద్దు. అయిదు: కంబగిరమ్మ తూకం గది బాధ్యత ఈ రోజుతో ముగుస్తుంది. ఆమె పుస్తకాలన్నీ సవరణ కోసం నిర్వహణ శాఖకు అప్పగించాలి.

వచ్చే ఏడు చేరబోయే పిల్లలకు నేను మేలు చేశాను. వాళ్లెవరో నాకు తెలియదు. ఇంట్లో ఉన్న పిల్ల పద్నాలుగు రోజులుగా జడ తానే వేసుకుంటోంది.

రోజు 30. నిర్వహణ శాఖ, దస్త్రాల గది. ఉదయం 9 గంటలు.

అరవై పుస్తకాలు బండి మీద తెచ్చాను. ఇది, అరవై ఒకటోది, చేతిలో ఉంది. మొదటి ఏడాది పిల్లల మొదటి పని పాత దస్త్రాలు స్వీకరించడం. నా దస్త్రాలు స్వీకరించే పని లేపాక్షికి పడింది. ఎవరో కావాలని వేశారో, ఆమె అడిగి తీసుకుందో నేను విచారించలేదు.

బల్లకు అవతల కూర్చుంది. ప్రతి పుస్తకం విప్పి పుటలు లెక్కబెట్టింది. ఇరవై రెండో పుస్తకంలో ఒక పుట చిరిగి ఉందని రాసుకుంది. నిజమే, చిరిగి ఉంది.

"ఆరేండ్ల వంద మీటర్ల ఫలితాలు మొత్తం ఎన్ని?" అంది.

"పద్నాలుగు వందల పన్నెండు."

"పాత అంకె చెరపకూడదు. ఎర్ర గీత కొట్టాలి. పక్కన మూడు పదోవంతులు కలిపి కొత్త అంకె రాయాలి. రాసినోళ్ల సంతకం, సాక్షి సంతకం." ఎర్ర కలం నా వైపు జరిపింది. "ఇది మీరు రాసిన నియమమే."

మీరు అంది.

నేను చదువుతూ, కొట్టి, రాసి, సంతకం పెట్టాను. ఆమె చూసి, సాక్షి సంతకం పెట్టింది. గంటకు నూట పది చొప్పున సాగింది. మధ్యాహ్నం నాకు కొలిచి 200 గ్రాముల నీళ్లు ఇచ్చి, రాసుకుంది.

మూడున్నరకు ముప్ఫై మూడో ఏడు, పుట 88కి వచ్చాం. బాలికల వంద మీటర్లు, తుది పరుగు. మొదటి వరుసలో పెన్నమ్మ, 12.0. నా రాతే. ఆ రోజు సంతోషంతో కలం కాస్త గట్టిగా ఒత్తినట్టున్నాను, వెనక పుటలో కూడా అచ్చు పడింది.

లేపాక్షి వేలు ఆ అంకె మీద పెట్టి కూర్చుంది. "దీనికి కూడా కలపల్లా?"

"అన్నింటికీ కలపాలి."

వేలు తీసింది. ఎర్ర గీత కొట్టాను. పక్కన 12.3 అని రాశాను. సంతకం పెట్టి పుస్తకం ఆమె వైపు తిప్పాను.

ఆమె సంతకం పెట్టలేదు. కిటికీ అవతల పరుగు శాఖ పిల్లలు సాయంకాలం తూకానికి వరుస కడుతున్నారు. వాళ్ల వైపు చూడలేదు. ఆ రెండు అంకెల వైపే చూస్తోంది.

"అయితే అమ్మ నాకన్నా ముందు లేదు," అంది.

"లేదు."

"ఇన్నేండ్లు నన్ను ఓడిస్తా ఉండింది అమ్మ కాదు. నువ్వు."

ఎర్ర కలం బల్ల మీద పెట్టాను.

సాక్షి గడిలో సంతకం పెట్టింది. అక్షరాలు పొందిగ్గా, గడి దాటకుండా. నేను నేర్పిన రాతే.

"తర్వాతిది చదవండి మేడం," అంది.

చదివాను.